ఎవరి తాలూకా అని ఆన్‌లైన్‌లో అడగడం ఎలా

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కొత్త మనిషి ఇంటికొస్తే ముందు అడిగేది ఒకటే, "ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకా?" అతను ఓ పేరు చెబుతాడు, ఆ పేరుగలాయనకి మనం ఫోన్ చేసి కనుక్కుంటాం, అవునంటే కుర్చీ వేస్తాం. తన గురించి తాను చెప్పుకున్నది పక్కన పెట్టి, అతనికి ఎవరు పూచీ అన్నదే చూస్తాం. అదే పని ఫోన్‌లో మాత్రం చెయ్యం. వాట్సాప్‌లో వచ్చిన ఆఫర్ లెటర్ మీద రంగుల సీలు, కంపెనీ లోగో కనబడితే ఉద్దానంలో జీడితోట తాకట్టు పెట్టి మరీ డబ్బు కట్టేస్తున్నారు, ఆ సీలు వేసింది ఎవరని ఒక్కరు కూడా అడగరు. అడిగే దారులు ఉన్నాయి, చాలావరకు ఉచితం, ఫోన్ వాడటం వస్తే చాలు. అవతలివాళ్లని ఎలా సరిచూడాలి, మనల్ని మనం నిరూపించుకునేటప్పుడు ఎంత ఇచ్చి ఎక్కడ ఆపాలి, ఈ రెండూ కలిపి రాస్తున్నాను.

సంతకం ఎవరిది

ఏ పత్రంలోనైనా ముగ్గురుంటారు: ఇచ్చేవాళ్లు, దగ్గర పెట్టుకునేవాళ్లు, సరిచూసేవాళ్లు. పదో తరగతి మెమో అయితే ఇచ్చింది బోర్డు, దగ్గర పెట్టుకున్నది మీరు, చూసేది ఎచ్చెర్లలో యూనివర్సిటీయో, రాజాంలో ఏదో కంపెనీయో. కాగితం అయితే సీలు, సంతకం, కాగితం నాణ్యత చేత్తో పట్టుకుని చూసేవాళ్లం. స్కాన్ చేసి పంపిన కాపీలో అవన్నీ బొమ్మలే, ఇంటర్ కుర్రాడు కూడా ఫోన్‌లో అరగంటలో మార్చేయగలడు.

అందుకే డిజిటల్ సంతకం వచ్చింది. ఇచ్చేవాళ్ల దగ్గర ఒక రహస్య తాళంచెవి ఉంటుంది, దానితోనే పత్రానికి సంతకం పడుతుంది. ఆ సంతకం సరైనదో కాదో చూసే తాళంచెవి మాత్రం అందరికీ బహిరంగంగా దొరుకుతుంది. మార్కుల్లో ఒక్క అంకె మార్చినా, పేరులో ఒక్క అక్షరం కలిపినా లెక్క తప్పుతుంది, పత్రం చెల్లదని వెంటనే తేలిపోతుంది. ఈ పద్ధతిలో తయారైన పత్రాలనే వెరిఫైయబుల్ క్రెడెన్షియల్స్ అంటున్నారు. వెబ్ ప్రమాణాలు చూసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం వీటికి 2019 నవంబర్‌లో ఒక ప్రమాణం ఇచ్చింది, 2025 మేలో రెండో వెర్షన్ తెచ్చింది. ఇదేదో విదేశాల సంగతి అనుకోకండి, కోవిడ్ టీకా వేసుకున్నాక కోవిన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న సర్టిఫికెట్‌లో క్యూఆర్ కోడ్ ఉండేది కదా, అది ఈ పద్ధతిలో చేసిందే. దాన్ని ఎవరైనా కోవిన్ వెరిఫై పేజీలో స్కాన్ చేసి అసలుదో కాదో చూడగలిగేవారు, ఆసుపత్రికి ఫోన్ చెయ్యాల్సిన పని ఉండేది కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. క్యూఆర్ కోడ్‌ని మామూలు కెమెరాతో స్కాన్ చేసి అది ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి పోతే, మోసగాడు తన సొంత వెబ్‌సైట్‌కి తీసుకెళ్లి "వెరిఫైడ్" అని పచ్చగా చూపిస్తాడు. అసలు వెబ్‌సైట్‌ని లేదా అసలు యాప్‌ని ముందు మీరే తెరవండి, అందులోంచి స్కాన్ చేయండి. ఈ వరస తప్పితే సరిచూడటం అనే మాటకే అర్థం లేదు.

సంతకం సరిపోయినా ఇంకా మూడు ప్రశ్నలు మిగులుతాయి, పచ్చ టిక్కు కనబడగానే వీటిని వదిలేస్తుంటాం. సంతకం పెట్టినవాళ్లు నమ్మదగినవాళ్లేనా? డబ్బు కడితే ఏ కన్సల్టెన్సీ అయినా డిజిటల్ సిగ్నేచర్ తీసుకోవచ్చు, దానితో తన అబద్ధపు లెటర్ మీద నిజమైన సంతకమే పెట్టొచ్చు. పత్రం తెచ్చినవాడు ఆ పత్రంలో ఉన్న మనిషేనా? అసలు సర్టిఫికెట్టే ఇంకొకడి చేతిలో ఉండొచ్చు, అందుకే ఫోటో, ముఖం పోల్చాలి. ఆ పత్రం ఈరోజుకి అమల్లో ఉందా? లైసెన్సు ఇచ్చిన రోజు సంతకం నిజమే, ఆర్నెల్ల తర్వాత రద్దయితే పీడీఎఫ్‌లో ఆ మాట ఉండదు, ఇచ్చినవాళ్ల దగ్గరే ఉంటుంది.

ముందు పేరు సరిచేసుకోండి

ప్రభుత్వ పత్రాలు ఫోన్‌లోనే పెట్టుకునే డిజిలాకర్ యాప్ తెరవగానే చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే కాబట్టి ఇది ముందు చెబుతున్నాను. మన దగ్గర అప్పలనాయుడు అనే పేరు ఆధార్‌లో ఒక ముక్కగా, టెన్త్ మెమోలో రెండు ముక్కలుగా, పాన్‌లో ఇంటిపేరు మొదటి అక్షరంతో, బ్యాంకులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. సింహాచలం, లక్ష్మి లాంటి పేర్లకి ఇంగ్లీషు స్పెల్లింగులు ఇంటికి ఒకటి. మనుషులకి ఇది పెద్ద విషయం కాదు, కంప్యూటర్‌కి మాత్రం వీళ్లు వేర్వేరు మనుషులు, పేరు సరిపోలేదని పత్రం తీసి ఇవ్వదు.

దేన్ని ఆధారంగా పెట్టుకోవాలంటే, టెన్త్ పాసైన వాళ్లు టెన్త్ మెమోనే పెట్టుకోండి, అందులో మార్పు చేయించడం అన్నిటికంటే కష్టం. మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్చుకుంటూ రండి: ముందు ఆధార్, తర్వాత పాన్, తర్వాత బ్యాంకు, పాస్‌పోర్టుకి అన్నిటికంటే చివర. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ అయితే ఒక్కసారే. అందుకని సెంటర్‌లో ఆపరేటర్ కొట్టిన స్పెల్లింగు స్క్రీన్ మీద అక్షరం అక్షరం చదివాకే సరే అనండి. వెనక లైనుందని కంగారు పడొద్దు, ఇచ్చే రసీదులో కూడా ఇంకోసారి చూసుకోండి. ఆధార్‌కి ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరు లింక్ అయి ఉండటం కూడా ముఖ్యమే, కింద చెప్పే పనుల్లో సగానికి ఆ నంబరుకి వచ్చే ఓటీపీ కావాలి. ముసలివాళ్లు సెంటర్‌కి వెళ్లలేకపోతే పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున పోస్ట్‌మాన్ ఇంటికొచ్చి నంబరు మార్చే సౌకర్యం ఉంది, మీ పోస్టాఫీసులో అడగండి.

డిజిలాకర్‌లో ఏది ఒరిజినల్

డిజిలాకర్ 2015లో మొదలైంది. 2017లో ఐటీ చట్టం కింద ఉన్న నిబంధనలకి చేసిన సవరణతో, అందులో ప్రభుత్వ శాఖలు నేరుగా జారీ చేసిన పత్రాలకి ఒరిజినల్‌తో సమానమైన విలువ వచ్చింది. ఇందులో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. "ఇష్యూడ్ డాక్యుమెంట్స్" అని ఉన్నవి శాఖ దగ్గర్నుంచి నేరుగా వచ్చినవి, వాటికే ఆ విలువ. మీరే ఫోటో తీసి ఎక్కించుకున్నవి ఇంకో విభాగంలో ఉంటాయి, అవి మీ ఫోన్ గ్యాలరీలో ఫోటోకి ఎక్కువా కాదు తక్కువా కాదు. డ్రైవింగ్ లైసెన్సు ఫోటో ఎక్కించుకుని చెకింగ్‌లో చూపించి, "డిజిలాకర్ ఉందండి" అంటే ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే. లైసెన్సు నంబరు కొట్టి, రవాణా శాఖ దగ్గర్నుంచి తెప్పించుకోండి, రెండు నిమిషాల పని.

లైసెన్సు, ఆర్‌సీ, పాన్, టెన్త్, ఇంటర్ మెమోలు ముందు తెచ్చి పెట్టుకోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్ల లాంటివి సచివాలయంలో తీసుకున్నప్పుడు వాటి మీద అప్లికేషన్ నంబరు ఉంటుంది, దాన్ని విడిగా రాసి పెట్టుకోండి, అవతలివాళ్లు సరిచూడాలన్నా మీరు మళ్లీ తీసుకోవాలన్నా పనికొచ్చేది అదే. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవలో కూడా ఇలాంటివి చాలా దొరుకుతాయి, నంబరు 9552300009. ఆ నంబరు మీరే ఫోన్‌లో సేవ్ చేసుకుని హాయ్ అని పంపండి. ప్రభుత్వం పేరు చెప్పి వేరే నంబర్ల నుంచి మెసేజ్ వచ్చి, పీఎం కిసాన్ అనో, చలానా అనో పేరున్న ఏపీకే ఫైలు ఇన్‌స్టాల్ చేసుకోమంటే వెంటనే డిలీట్ చేయండి, ఆ ఫైలు మీ ఓటీపీలు చదవడానికే వచ్చింది.

ఆధార్ అడిగితే ఎంత ఇవ్వాలి

"ఆధార్ జిరాక్స్ ఒకటి ఇచ్చేయండి" అని లాడ్జిలో, సిమ్ షాపులో, అద్దె ఇంట్లో, చిట్టీ కంపెనీలో, అందరూ అడుగుతారు, మనం ఇచ్చేస్తాం. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం పాన్‌కి, ప్రభుత్వ సంక్షేమ పథకాలకి ఆధార్ అడగొచ్చు, బ్యాంకు ఖాతాకీ సిమ్‌కీ ఆధార్ తప్పనిసరి అనడం చెల్లదు. తర్వాత 2019 సవరణతో మీరు ఇష్టపడి ఇస్తే వాటికి వాడుకోవచ్చు. లాడ్జివాడికి కావలసింది మీరు ఫలానా మనిషి అన్న రుజువు, దానికి ఓటరు కార్డు చాలు, లైసెన్సు చాలు.

ఆధారే ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మైఆధార్ వెబ్‌సైట్‌లోకి నంబరు, ఓటీపీతో వెళ్లి డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ కావాలా అని ఒక చిన్న గడి ఉంటుంది, అది టిక్ చేస్తే 12 అంకెల్లో మొదటి 8 కనబడకుండా చివరి 4 మాత్రమే కనబడే కార్డు వస్తుంది. అందులో కూడా క్యూఆర్ ఉంటుంది, పేరూ ఫోటో ఉంటాయి, మనిషిని గుర్తించడానికి అది సరిపోతుంది. నంబరు కొట్టి ఓటీపీతో సరిచూడాల్సిన చోట అయితే 16 అంకెల వర్చువల్ ఐడీ తయారుచేసుకుని అది ఇవ్వండి, దాన్నుంచి మీ ఆధార్ నంబరు ఎవరూ పట్టుకోలేరు, కొత్తది చేసుకుంటే పాతది చెల్లదు. 2025లో వచ్చిన కొత్త ఆధార్ యాప్‌లో కావలసిన వివరాలు ఎంచుకుని అంతవరకే పంపే వీలు పెట్టారు. వెరిఫైయబుల్ క్రెడెన్షియల్స్ వెనకున్న ఆలోచన కూడా ఇదే, 18 ఏళ్లు నిండాయా అని అడిగినవాడికి నిండాయి అని చెబితే చాలు, పుట్టిన తేదీ, ఇంటి అడ్రసు, నాన్న పేరు ఎందుకు?

కాగితం కాపీయే అడిగితే దాని మీద అడ్డంగా, అక్షరాల మీదుగా పోయేటట్టు "ఫలానా ఇంటి అద్దె కోసం మాత్రమే" అని రాసి తేదీ వేసి సంతకం పెట్టండి. మూల మీద చిన్నగా రాస్తే కత్తిరించి మళ్లీ కాపీ తీస్తారు.

నెట్ సెంటర్ సంగతి చెప్పకపోతే ఇదంతా వృథా. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గరైనా, విజయనగరం కోట జంక్షన్ దగ్గరైనా, ఏదైనా నెట్ సెంటర్ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. వరసగా ఈఆధార్ పీడీఎఫ్‌లు, పాన్ కార్డు ఫోటోలు, ఎవరివో మార్కుల మెమోలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, నిన్నటివి, మొన్నటివి, పోయిన నెలవి. పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అంటారు. ఆ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, ఆ రెండూ పక్కనే ఉన్న పాన్ కార్డు ఫోటోలో ఉన్నాయి. సెంటర్ నడిపేవాళ్లలో చాలామంది మంచివాళ్లే, కానీ ఆ కంప్యూటర్ ముందు రోజంతా ఎవరెవరో కూర్చుంటారు. కాబట్టి పని అయ్యాక మీ ఫైళ్లు షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టండి, మామూలు డిలీట్ అయితే రీసైకిల్ బిన్‌లో కూర్చుంటాయి. వాట్సాప్ వెబ్‌లో ఫైలు పంపి ప్రింట్ తీసుంటే మీ ఫోన్‌లోనే లింక్డ్ డివైజెస్‌లోకి వెళ్లి లాగౌట్ కొట్టండి, కంప్యూటర్‌లో విండో మూసేస్తే సరిపోదు. బాబుని అడగడానికి మొహమాటపడకండి, "నా ఫైల్స్ తీసేయి బాబూ, నేను చూస్తాను" అంటే తీసేస్తాడు.

వేలిముద్రకి తాళం

వేలిముద్రతో బ్యాంకు డబ్బు తీసే ఏఈపీఎస్ పద్ధతికి ఓటీపీ అక్కర్లేదు, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. వేలిముద్రని నకలు తీయొచ్చు. 2018లో తెలంగాణ పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మేవాడు ఒకడు భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో ఉన్న వేలిముద్రలకి రబ్బరు నకళ్లు చేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. ఆ తర్వాత ఇదే దారిలో ఖాతాల్లో డబ్బు తీసిన కేసులు చాలాచోట్ల వచ్చాయి.

మైఆధార్‌లో గానీ ఆధార్ యాప్‌లో గానీ బయోమెట్రిక్స్ లాక్ అని ఉంటుంది, అది వేసుకుంటే మీ వేలిముద్ర, కనుపాప, ముఖం దేనితోనూ ఆధార్ ద్వారా ఎవరూ ఏ పనీ చెయ్యలేరు, మీరు కూడా, తాత్కాలికంగా తెరుచుకునేదాకా. పనిచేసుకునే వయసువాళ్లు, భూమి రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లు తప్పకుండా వేసుకోండి.

కానీ ఇంట్లో పెద్దవాళ్లకి వేసేముందు ఆలోచించండి. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వేలిముద్ర అడుగుతారు, రేషన్ షాపులో వేలు పెట్టాలి. లాక్ తీయడానికి ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ వచ్చే ఫోన్ హైదరాబాద్‌లో పనికెళ్లిన కొడుకు జేబులో ఉంటుంది, అమ్మ గుమ్మంలో నిలబడి ఉంటుంది. అలాంటి ఇంట్లో లాక్ వేయకుండా, ఆమె ఖాతాలో పెద్ద మొత్తం ఉంచకుండా చూడటం, ఏఈపీఎస్ ఆపగలరా అని బ్యాంకులో అడగడం మేలు. ఎవరు ఎప్పుడు ఆ ఆధార్‌ని వాడారో కూడా చూడొచ్చు, ఆథెంటికేషన్ హిస్టరీలో గత ఆరు నెలలవి, 50 దాకా కనబడతాయి. నెలకోసారి చూడండి. పింఛను తీసుకున్న రోజు, రేషన్ తెచ్చుకున్న రోజు కాకుండా ఇంకేదైనా కనబడితే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేయండి.

పీడీఎఫ్ మీద పచ్చ టిక్కు

ఎవరైనా సంతకం ఉన్న పీడీఎఫ్ పంపితే దాన్ని వాట్సాప్‌లో తెరిచి చూసి నిర్ణయానికి రాకండి, మామూలు మొబైల్ యాప్‌లలో ఆ సంతకం ఉత్త బొమ్మలా కనబడుతుంది. కంప్యూటర్‌లో అడోబి రీడర్‌తో తెరవండి. సంతకం దగ్గర పసుపు ప్రశ్న గుర్తు ఉంటే కంప్యూటర్‌కి ఆ సంతకం చేసినవాళ్లు ఇంకా తెలియదని అర్థం, దొంగదని కాదు. సంతకం మీద నొక్కితే సిగ్నేచర్ ప్రాపర్టీస్ వస్తుంది, అందులో షో సైనర్స్ సర్టిఫికెట్ నొక్కండి. అక్కడే ఆగి చదవండి. ఎవరి పేరు మీద ఉంది, ఎడమ పక్క వరసలో అన్నిటికంటే పైన ఎవరున్నారు? మన దేశంలో చట్టబద్ధమైన డిజిటల్ సంతకాలన్నిటికీ పైన ఉండేది కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్, అక్కడ సీసీఏ ఇండియా అని ఉంటుంది. అది ఉంటేనే ట్రస్ట్ ట్యాబ్‌లోకి వెళ్లి యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్ నొక్కి, తర్వాత వాలిడేట్ చేయండి, పచ్చ టిక్కు వస్తుంది. చాలా వీడియోల్లో ఆ చదివే మెట్టు వదిలేసి నేరుగా ట్రస్ట్ నొక్కమని చెబుతారు, అలా చేస్తే దొంగవాడు ఇంట్లో తయారుచేసుకున్న సర్టిఫికెట్‌కి కూడా పచ్చ టిక్కే వస్తుంది, నమ్మమని చెప్పింది మీరే కదా.

పచ్చ టిక్కు బొమ్మని పీడీఎఫ్‌లో అతికించి పంపేవాళ్లూ ఉన్నారు. దాని మీద నొక్కి చూడండి, అసలుదైతే వివరాలు తెరుచుకుంటాయి, బొమ్మయితే ఏమీ రాదు. ప్రింట్ తీసిన కాగితం మీద పచ్చ టిక్కుకి విలువేమీ లేదు.

ఆధార్ కార్డుకైతే ఇంకా తేలిక. కార్డు మీద ఉన్న క్యూఆర్‌ని మామూలు స్కానర్‌తో చూస్తే పెద్ద అంకెల గుంపు వస్తుంది, ఆధార్ వాళ్ల యాప్‌తో చూస్తే పేరు, పుట్టిన తేదీ, అడ్రసు, ఫోటోతో సహా వస్తాయి. ఇల్లు అద్దెకి ఇచ్చేవాళ్లు ఇది నేర్చుకోవాలి. కార్డు మీద ఫోటో మార్చడం తేలిక, క్యూఆర్ లోపల ఉన్న ఫోటోకి ఆధార్ సంస్థ సంతకం ఉంది, దాన్ని మార్చలేరు. ఎదురుగా ఉన్న మనిషినీ, స్క్రీన్ మీద ఫోటోనీ చూడండి.

విదేశాల ఉద్యోగం అన్నప్పుడు

సోంపేట, కవిటి, పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లుగా గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్లే కుర్రాళ్లు ఎందరో. ఈ రాతలో ఏదైనా ఒక్కటే చదవాలంటే ఈ భాగమే చదవండి.

విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపడానికి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితా విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఏజెంటు తన విజిటింగ్ కార్డు మీద రిజిస్ట్రేషన్ నంబరు వేసుకున్నాడని సంబరపడకండి, ఆ నంబరు ఇంకొకరిది కావచ్చు. ఆ సైటు మీరే తెరిచి (చివర గవ్ డాట్ ఇన్ ఉండాలి, గవ్ తర్వాత ఇంకేదో కలిపి ఉంటే అది వేరే సైటు) పేరుతో వెతకండి. అక్కడ కంపెనీ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, లైసెన్సు ఇప్పుడు అమల్లో ఉందా, రద్దయిందా అన్నీ ఉంటాయి. ఇప్పుడు ముఖ్యమైన మెట్టు: ఆ సైటులో ఉన్న నంబరుకి ఫోన్ చేయండి, కార్డు మీద ఉన్న నంబరుకి వద్దు. "మీ తరఫున ఫలానా ఆయన మా ఊళ్లో డబ్బు తీసుకుంటున్నారు, మీ మనిషేనా, ఈ కంపెనీకి ఈ పోస్టులు మీ దగ్గరున్నాయా?" అని అడగండి. సబ్ ఏజెంటు అనే మనిషికి ఆ చట్టంలో చోటే లేదు, కాబట్టి "నేను ముంబై ఆఫీసు తాలూకా" అన్న మాటకి ముంబై ఆఫీసు పూచీ పడకపోతే అక్కడితో వదిలేయండి.

రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ, దానికి రసీదు ఇవ్వాలి. లక్షన్నర, రెండు లక్షలు అడిగితే అది చట్టం దాటిన బేరం. డబ్బు కంపెనీ ఖాతాకే వేయండి. ఫోన్‌పే కొట్టేముందు స్క్రీన్ మీద బ్యాంకు చూపించే పేరు చూడండి, కంపెనీ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వస్తే ఆగిపోండి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అంటే ఒప్పుకోవద్దు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసులో కుర్రాళ్లకి డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి కంబోడియా పంపి, అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. వాళ్లకీ ఆఫర్లూ టికెట్లూ వచ్చినవే.

సింగపూర్ అయితే అక్కడి మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్ వెబ్‌సైట్‌లో వర్క్ పాస్ స్థితి చూసుకునే సౌకర్యం ఉంది, ఏజెంటు పంపిన లెటర్ కంటే అది మేలు. వేరే దేశమైతే కంపెనీ వెబ్‌సైట్ మీరే వెతికి అందులో ఉన్న ఈమెయిల్‌కి లెటర్ కాపీ పంపి మీరే ఇచ్చారా అని రాయండి, వచ్చీరాని ఇంగ్లీషులో రెండు లైన్లు చాలు. జవాబు రావడానికి నాలుగు రోజులు పడుతుంది, ఆ నాలుగు రోజులూ ఏజెంటు "సీట్లు అయిపోతున్నాయి తమ్ముడూ, సాయంత్రంలోగా కట్టాలి" అని ఫోన్లు చేస్తూనే ఉంటాడు. నిజమైన ఉద్యోగం నాలుగు రోజులు ఆగుతుంది. వీడియో కాల్ ఇంటర్వ్యూ జరిగిందని, మీ ఊరివాళ్లు ఇద్దరు ఇప్పటికే కట్టారని నమ్మొద్దు, ఆ ఇద్దరూ మీలాగే ఇంకొకర్ని చూసి కట్టి ఉంటారు.

ఏజెంటుకి మీరు ఇచ్చేవాటిలో కూడా హద్దు పెట్టుకోండి. పాస్‌పోర్టు కాపీ మీద ఎందుకో రాసి ఇవ్వండి. ఓటీపీ ఎవరికీ వద్దు. మీ పేరు మీద ఖాతా తెరిచి ఏటీఎం కార్డూ సిమ్మూ ఇస్తే నెలకి ఇంత ఇస్తాం అనేవాడు కనబడితే పరిగెత్తండి, ఆ ఖాతాలోకి వచ్చేది ఎవరిదో దోచిన డబ్బు, పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

మీరే అమ్మేవాళ్లయితే

పలాస జీడిపప్పు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు, కష్టపడుతున్నారు. కొత్త కొనేవాళ్లకి వచ్చే అనుమానం న్యాయమైందే, ముందు డబ్బు వేస్తే సరుకు వస్తుందా అని. దానికి "నమ్మకం మా ఆస్తి" లాంటి మాటలు పనికిరావు, వాళ్లు స్వయంగా సరిచూసుకోగలిగే నంబర్లు ఇవ్వండి. ఆహారం అమ్మేవాళ్లకి ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి, దాన్ని ఆ సంస్థ ఫోస్‌కోస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతకొచ్చు. జీఎస్టీ ఉంటే ఆ 15 అక్షరాల నంబరు కూడా పెట్టండి, ఆంధ్రప్రదేశ్‌ది అయితే 37తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్‌లో కొడితే వ్యాపారం పేరు, అమల్లో ఉందో లేదో కనబడుతుంది. మీ పేజీ పేరు, ఆ రికార్డులో పేరు, డబ్బు కట్టే క్యూఆర్ స్కాన్ చేస్తే వచ్చే పేరు మూడూ ఒకటిగా ఉండేటట్టు చూసుకోండి, ఇది చాలామంది పట్టించుకోరు. పేజీ ఒక పేరు, డబ్బు మాత్రం తమ్ముడి ఖాతాకి అంటే కొనేవాళ్లు వెనక్కి పోతారు, పోవాలి కూడా.

పొందూరు ఖాదీ అమ్మేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసిన బట్టకీ, మిల్లు బట్టకీ ఫోటోలో తేడా తెలియదు. ఖాదీ మార్క్ ట్యాగ్ దగ్గరగా ఫోటో పెట్టండి, నేయించిన ఖాదీ సంఘం బిల్లు నంబరు, ఆ సంఘం ఆఫీసు ఫోన్ ఇవ్వండి, కొనేవాళ్లు కావాలంటే ఫోన్ చేసి కనుక్కుంటారు.

ఫోన్‌కి కాపలా

వాట్సాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్‌కి వెళ్లి ఆరంకెల పిన్ పెట్టండి, ఇప్పుడే. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోండి, మీవి కానివి కనబడితే అక్కడే నాది కాదు అని ఫిర్యాదు పెట్టండి. బ్యాంకు వెబ్‌సైట్ అడ్రసు చివర బ్యాంక్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి, 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ దానికి మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, అది బ్యాంకులకే దొరికే అడ్రసు. ఫోన్‌పే లాంటి యాప్‌లలో డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పిన్ కొడితే పోవడమే.

డబ్బు పోతే

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్లకి చెప్పడం కంటే ముందు. డబ్బు ఖాతా నుంచి ఖాతాకి మారిపోతూ ఉంటుంది, ఎంత త్వరగా చెబితే ఎక్కడో ఒక ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, ఏ నంబరుకి పోయింది, ఇవి చేతిలో పెట్టుకుని మాట్లాడండి. తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాసి, బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. చాటింగ్ డిలీట్ చేయకండి, ఏజెంటు మీద కోపంతో బ్లాక్ చేసి అన్నీ తుడిచేస్తే సాక్ష్యం పోతుంది, స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో ఫోన్‌కి కూడా పంపి పెట్టుకోండి. విదేశీ ఉద్యోగం మోసమైతే ఈమైగ్రేట్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి, స్టేషన్‌లో ఇచ్చిన కాపీ దానికి జతచేయండి. అదే రోజు బయోమెట్రిక్స్ లాక్ వేసి, పాస్‌వర్డులు మార్చి, మీ వాట్సాప్ నుంచి మీ పేరుతో ఎవరినైనా డబ్బు అడిగారేమో దగ్గరవాళ్లకి ఫోన్ చేసి కనుక్కోండి.